నలభై దాటాక మీవారు ఉద్యోగం మానేస్తానంటే

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీవారికి 44, గుంటూరులోనే ఒక ప్రైవేటు కంపెనీలో 19 ఏళ్లుగా పని, జీతం 62 వేలు. అది మానేసి సొంతంగా కారం ఆడించే యూనిట్ పెడతానంటున్నారు. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం, పాప ఎనిమిదో తరగతి, ఇంటి లోన్ ఇంకా ఏడేళ్లుంది. మీ అత్తగారు "నువ్వు చెప్తే వింటాడు, ఆపు" అంటున్నారు. మీకేమో ఆపాలని లేదు, అలాగని రాత్రిళ్లు నిద్రా పట్టట్లేదు. తోడుగా ఉండటం అంటే అసలు ఏం చేయాలి, నేను కూడా ఏదైనా పని చూసుకోవాలా అని అడిగారు.

నా సంగతి చెప్తాను, అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాను, ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, బాకీలకి ఫోన్లు చేయడం అన్నీ నావే. మావారు 20 ఏళ్లు మెడికల్ రెప్, చివర్లో ఏరియా మేనేజర్. 2018 ఎండాకాలంలో, ఆయనకి 43 ఏళ్లప్పుడు, రిజైన్ చేసి లా చదువుతానన్నారు. చదివారు, ఇప్పుడు కోర్టుకి వెళ్తున్నారు. కథ సుఖాంతం అనుకునేరు, 2018లో ఆయన జీతం 68 వేలు, ఇప్పుడు బాగున్న నెల 45 వేలు వస్తాయి, బాగోని నెల 20 కూడా రావు. అయినా ఆయన మానేసినందుకు నాకు ఏ రోజూ బాధ లేదు. బాధంతా ఆ మొదటి ఏడాదిన్నరలో నేను నడుచుకున్న తీరు మీదే.

చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. డబ్బు భయం మొత్తాన్నీ నెలకి ఒక్క పూటకి కట్టేయండి. ఆ పూట ఎంత కటువుగా అడిగినా ఫర్వాలేదు. మిగతా రోజులు మాత్రం ఆయన్ని ఏమీ అడక్కండి. రాయడానికి రెండు వాక్యాలే, నాకు అలవాటయ్యేసరికి మాత్రం ప్రాణం మీదకొచ్చింది.

ఎందుకంటే ఇలా జరిగింది. మావారు రిజైన్ చేసింది మే నెలలో. లాసెట్, అంటే లా ప్రవేశ పరీక్ష, కౌన్సెలింగ్ అయ్యి, క్లాసులు మొదలయ్యేసరికి అక్టోబరు దాటింది. ఆ అయిదు నెలలూ ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, బూట్లకి పాలిష్ కొట్టి, సరిగ్గా తొమ్మిదింటికి బండి తీసేవారు. ఎక్కడికండీ అంటే లైబ్రరీకి అనేవారు. నేను లెక్కల మనిషిని కదా, వారంలో పెట్రోలుకే 600 అయ్యాయని కంట్లో పడింది. లైబ్రరీ మా ఇంటికి కిలోమీటరున్నర. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, మా అమ్మాయి పక్కనే ఉండగా, "లైబ్రరీని ఎప్పుడు ఏలూరుకి మార్చారండీ?" అన్నాను. పెరుగన్నం కలుపుకుంటున్నారు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాసేపటికి లేచి కడిగేసుకున్నారు.

తర్వాత ఆయన పాత స్నేహితుడొకరు చెప్తే తెలిసింది. సూర్యారావుపేటలో, 20 ఏళ్లు డాక్టర్ల కోసం కాచుకున్న ఆ ఆసుపత్రుల వీధిలోనే, ఒక టీ కొట్టు దగ్గర కూర్చునేవారట. కాళ్ల మధ్య ఆ తోలు బ్యాగు, అందులో శాంపిళ్లు లేవు, ఏమీ లేవు. పన్నెండు దాకా అక్కడ, ఆ తర్వాత పాత టూరు దారినే ఉయ్యూరు దాకా ఊరికే వెళ్లి వచ్చేవారట. మగాళ్లకి ఉద్యోగం పోతే డబ్బు ఒక్కటే పోతుందని మనం అనుకుంటాం. పొద్దున తొమ్మిదింటికి ఎక్కడికి వెళ్లాలన్నది కూడా పోతుందని నాకు అప్పటిదాకా తోచలేదు. మీవారికి ఈ ఖాళీ రాకుండా చూసుకోండి. మానేసిన మర్నాటి నుంచి పొద్దున ఎక్కడికి వెళ్తారు, అక్కడ ఏం చేస్తారు అన్నది మానేయకముందే ఇద్దరూ అనుకుని ఉండాలి.

ఇక ఆ నెలకో పూట. మాది మొదటి ఆదివారం, టిఫిన్ అయ్యాక పదకొండు నుంచి పన్నెండు. ఒక గీతల నోటు పుస్తకం. వచ్చిందెంత, పోయిందెంత, ఉన్నదెంత, వచ్చే మూడు నెలల్లో తప్పనివి ఏంటి, అంటే కాలేజీ ఫీజు, ప్రీమియం, ఇంటి పన్ను, పెళ్లిళ్ల చదివింపులు. రాసేది ఆయన, అడిగేది నేను. రోజంతా లెక్కలు రాసేదాన్ని కాబట్టి నేనే రాస్తే అరగంటలో అయిపోతుంది, కానీ అప్పుడది నా పుస్తకం అవుతుంది, ఆయన నా షాపులో కొత్తగా చేరిన కుర్రాడిలా ఎదురుగా కూర్చుంటారు. అందుకని పెన్ను ఆయనకే. మొదట్లో కూడికలు తప్పేవి, కళ్ల ముందు తప్పు కూడిక కనపడుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాలాంటి వాళ్లకే తెలుస్తుంది. వారం మధ్యలో ఏదైనా అనుమానం వస్తే పుస్తకం వెనక పేజీలో నేను రాసి పెట్టేదాన్ని. ఆదివారం వచ్చేసరికి వాటిలో సగం అడగక్కర్లేకుండా పోయేవి.

మధ్యలో ఆయనంతట ఆయన చెప్పుకుంటే వినండి. "అలా కాదు, ఇలా చేయాల్సింది" అని వెంటనే అందుకోకండి.

ఇక రాజీనామా కాగితం ఇచ్చే ముందు చేయాల్సినవి. వీటిలో మేం దెబ్బతిన్నాం కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

హెల్త్ ఇన్సూరెన్స్. కంపెనీ గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. మేం ఆ సెప్టెంబరులో కొత్తగా సొంత పాలసీ తీసుకుని, ఇంకేం అని ధీమాగా ఉన్నాం. 2019 డిసెంబరులో మావారికి గాల్ బ్లాడర్‌లో రాళ్లన్నారు, ఆపరేషన్ అన్నారు. పాలసీ కాగితాలు తిరగేస్తే ఆ జబ్బుకి రెండేళ్లు ఆగాలని ఉంది. 78 వేలు చేతి నుంచి పెట్టాం, చేతి నుంచి అంటే నా చేతి గాజుల మీద గోల్డ్ లోన్ నుంచి. తర్వాత తెలిసిందేంటంటే, గ్రూపు పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరే సొంత పాలసీకి మారే వీలుంటుంది, వాళ్లు ఒప్పుకుంటే గ్రూపులో గడిచిన ఏళ్లు ఈ ఆగాల్సిన కాలంలో, అంటే వెయిటింగ్‌లో, కలుస్తాయి. అది ఉద్యోగంలో ఉండగానే, నెలన్నర ముందే అడగాలి. షుగరు, బీపీ లాంటి ముందు నుంచీ ఉన్న జబ్బులకి 2024కి ముందు నాలుగేళ్ల దాకా వెయిటింగ్ పెట్టేవాళ్లు, ఇప్పుడు మూడేళ్లకి మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. షుగర్ ఉంటే దాచకుండా రాయండి, దాచినవాళ్లకి క్లెయిమ్ దగ్గర ఏమవుతుందో మా షాపులోనే చూశాను.

గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుకి కంపెనీ ఇచ్చే డబ్బు, దాని లెక్క మీరే వేసుకోండి, కంపెనీ చెప్పేదాకా ఆగకండి. ఆఖరి బేసిక్, డీఏ (కరువు భత్యం) ఉంటే అదీ కలిపి, 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మొత్తం జీతం మీద కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. కాకపోతే 2025 నవంబరులో వచ్చిన లేబర్ కోడ్ ప్రకారం ఆ బేసిక్, డీఏ కలిపి మొత్తం జీతంలో సగానికి తక్కువుంటే, సగం మీద లెక్క వేయాలి. మీవారి 62 వేలలో సగం, అంటే 31 వేలు అనుకుంటే 19 ఏళ్లకి 3 లక్షల 40 వేల దాకా వస్తుంది. మానేసిన 30 రోజుల్లోపు ఇవ్వాలి, 20 లక్షల లోపు దానికి పన్ను లేదు. పీఎఫ్ మాత్రం మిషన్లలో పెట్టకండి. సర్వీసు పదేళ్లు దాటింది కాబట్టి అందులో పెన్షన్ భాగం ఎలాగూ ఒకేసారి చేతికివ్వరు, ఆ పెన్షన్ సర్వీసుకి రుజువుగా ఇచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే 58 నిండాక నెలనెలా వస్తుంది. మిగతా పీఎఫ్ పిల్లల చదువుకని ఇద్దరూ ఒక మాట అనుకోండి. ఆరు నెలల ఇంటి ఈఎంఐ వేరే ఖాతాలో పడ్డాకే రాజీనామా. క్రెడిట్ కార్డు గానీ, ఇంటి లోన్ మీద టాప్ అప్ (అదనపు అప్పు) గానీ కావాలంటే జీతం స్లిప్ చేతిలో ఉండగానే అడగండి, సొంత పని మొదలుపెట్టాక రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు చూపిస్తే గానీ బ్యాంకు వాళ్లు సరిగ్గా మాట్లాడరు.

కారం సంగతికి వస్తే, మా పుట్టిల్లు ప్రత్తిపాడు వైపు, నాన్న మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు మిర్చి యార్డుకి తోలేవాడు, చిన్నప్పుడు ఇల్లంతా ఆ ఘాటే. కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను. కొత్త కాయ జనవరి నుంచి యార్డుకి వస్తుంది, ఏప్రిల్ దాకా జోరు, మే నెల వచ్చేసరికి యార్డుకి సెలవులు. ఏడాదంతా కారం అమ్మాలంటే కాయ ఆ నాలుగు నెలల్లోనే కొని ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టుకోవాలి, లేదంటే తర్వాత ఏసీ కాయ వాళ్లు చెప్పిన రేటుకి కొనాలి. అంటే మీ డబ్బు నెలనెలా కొంచెంకొంచెంగా పోదు, మార్చిలో ఒక్కసారే మునుగుతుంది, పైకి రావడానికి ఏడాది పడుతుంది. పైగా ధర చూశారుగా, 2023లో క్వింటాలు 20 వేలు దాటిన కాయ, 2025 ఫిబ్రవరి నాటికి ఎంత పడిపోయిందంటే కేంద్రం 11,781 రూపాయలని ఒక ధర ప్రకటించి రైతుని ఆదుకోవాల్సొచ్చింది. పై ధరలో కొని ఏసీలో పెట్టినవాడి గతి ఆలోచించండి. మీవారికి కారం ఆడించడం వచ్చా అని కాదు, కాయ కొనడం వచ్చా అని అడగండి. కాయ రకాల్లో తేజ ఎంత, రంగుకి బ్యాడిగి ఎంత, ఏది తేమ కాయ, ఏది తాలు, ఇవి చేతికి తెలియాలి.

అందుకే నేనైతే ఇలా అంటాను: ఈ సీజన్‌కి మానేయొద్దు. పది టిక్కీలు, అంటే నాలుగు క్వింటాళ్లు దాటుతుంది, మీ సొంత డబ్బుతో కొననివ్వండి. మనుషుల్ని పెట్టి ముచ్చికలు తీయించి, మిల్లులో కూలికి ఆడించి, పాకెట్లు కట్టి శని ఆదివారాలు ఆయనే తిరిగి అమ్మాలి. చుట్టాలకి అమ్మింది లెక్కలోకి రాదు. తెలియని కొట్టువాడు రెండోసారి ఫోన్ చేసి అడిగాడా లేదా, అదొక్కటే చూడండి. చిన్నగా మొదలుపెట్టినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం ముందే చేయించాలి. మాకు ఇలా పరీక్షించుకునే వీలు లేదు, లా కోర్సుకి అప్పట్లో 70 శాతం హాజరు తప్పనిసరి, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యాక అడ్వకేటు జీతం తీసుకునే ఫుల్‌టైమ్ ఉద్యోగం చేయకూడదు, కాబట్టి దూకితే దూకడమే. మీకు ఉంది కదా, వాడుకోండి.

లోన్ దగ్గర ఒక్క మాట. చిన్న యూనిట్‌కి 20 లక్షల లోపు అప్పుకి (2026 ఏప్రిల్‌కి ముందు ఇది 10 లక్షలు) బ్యాంకు ఇల్లూ పొలమూ తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, ముద్రా లోన్లు అలాంటివే. సబ్సిడీ చూసి లెక్క వేసుకోకండి. ఇలాంటి పథకాల్లో అది సాధారణంగా చేతికి రాదు, లోన్ ఖాతాలోకి పోతుంది, అదీ ఆలస్యంగా. ఇల్లు మీ ఇద్దరి పేరు మీదా ఉంటే, సంతకం పెట్టమని ఎవరు ఏ కాగితం తెచ్చినా ఇంట్లో ఒక రాత్రి ఉంచుకుని చదివాకే పెట్టండి. మావారు లాయర్ అయ్యాక మా ఇంట్లో ఈ అలవాటు ఇంకా ముదిరింది.

ఇప్పుడు చుట్టాలు. నా రెండో తప్పు ఇక్కడే, పెట్రోలు మాట కంటే పెద్దది. 2018 నవంబరులో గుంటూరులో మా చిన్నాన్న కూతురి పెళ్లి. భోజనాల దగ్గర మా వరసకి మరదలు "అన్నయ్యగారు ఇప్పుడు ఏ ఏరియా చూస్తున్నారు వదినా?" అంది. నోటికి ఏదొస్తే అది అనేశాను, "లాంగ్ లీవులో ఉన్నారమ్మా, నడుం నొప్పి" అని. వెనక్కి తిరిగితే ఆయన చేతిలో రెండు ఐస్‌క్రీం కప్పులతో నిలబడి ఉన్నారు. ఒకటి నాకే. తిరుగు ప్రయాణంలో కాజ టోల్‌గేటు దాటాం, మంగళగిరి దాటాం, ఒక్క మాట లేదు. వారధి ఎక్కాక బండి నెమ్మది చేసి, "నేనేం దొంగతనం చేశానని దాచావు?" అన్నారు. నేను ఆయన పరువు కాపాడుతున్నా అనుకున్నాను, నిజానికి కాపాడుకుంది నా పరువు.

ఆ తర్వాత మాకు మేమే ఒక వాక్యం కుదుర్చుకున్నాం. ఎవరడిగినా ఆయనే, నవ్వుతూ, "ఉద్యోగం మానేశానండి, లా చదువుతున్నాను" అనడం, అక్కడితో ఆపడం. కారణాలు చెప్పడం మొదలుపెడితే అవతలివాళ్లు సలహాలు మొదలుపెడతారు. మీవారూ అంతే, "కారం యూనిట్ పెడుతున్నాను" అని ఆయన నోటితోనే చెప్పాలి. మీ అత్తగారితో కూడా. మిమ్మల్ని మధ్యలో పెట్టి "నువ్వు ఆపు" అన్నప్పుడు "మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా, నాకు లెక్క చూపించారు, నేను చూశాను" అనేయండి. చూసి ఉండాలి లెండి, చూడకుండా అనకండి.

మా అత్తగారు ఇప్పటికీ ఈ మార్పు ఒప్పుకోలేదు. "మందుల కంపెనీలో దొరలా బతికేవాడు" అంటూనే ఉంటారు. కానీ ఆయన మెడకి కట్టుకునే ఆ తెల్ల బ్యాండ్లకి గంజి మాత్రం ఇంకెవర్నీ పెట్టనివ్వరు, పల్చటి గంజి, నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ. ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని రూలు ఉన్నా ఈయన రోహిణి కార్తెలో కూడా వేసుకునే వెళ్తారు, చొక్కా వీపంతా ఉప్పు చారలతో తిరిగొస్తారు. మెడికల్ రెప్‌గా టై కట్టుకున్న రోజుల్లో ఇంత ముచ్చట నేను చూడలేదు.

పిల్లలకి దాచకండి, అంతే. బాబు కాలేజీ ఫీజు డబ్బు ఎక్కడుందో వాడికి తెలిస్తే వాడు నిశ్చింతగా ఉంటాడు.

ఎక్కడ ఆపాలి అన్నది కూడా ముందే రాసుకోండి. మేం ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టాం: ఆరున్నర లక్షలకి మించి దాచిన డబ్బు తీయం, 2023 జూన్‌కి నెలకి 20 వేలు రాకపోతే ఆయన ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటారు. ఇద్దరం సంతకాలు పెట్టాం, అప్పుడు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ జూన్‌కి ఆయనకి వస్తోంది 14 వేలు. సీనియర్ లాయర్ ఇచ్చే పెట్రోలు ఖర్చు, నాలుగైదు చిన్న కేసులు. డబ్బు గీత దాటలేదు, తేదీ గీత దాటింది. ఆ ఆదివారం రెండు గంటలు కూర్చుని ఆరు నెలలు పొడిగించాం, అది అరిచి తెచ్చుకున్న పొడిగింపు కాదు, పుస్తకం చూసి ఇచ్చింది. కొత్త కోర్టు భవనం 2022 ఆగస్టులో మొదలైంది, ఆ మెట్ల మీద ఏడాదిగా మొహం తెలిసి ఇప్పుడిప్పుడే కేసుల వాళ్లు వస్తున్నారని నాకు కనపడింది కాబట్టి ఒప్పుకున్నాను. కనపడకపోతే ఒప్పుకునేదాన్ని కాదు. అది కూడా తోడుగా ఉండటమే అని నా లెక్క.

మా ఆటోనగర్ షాపుల వాళ్లకి చెక్ బౌన్సులు మామూలే. చెక్కు తిరిగొచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అవతలివాడికి 15 రోజులు టైము, ఆ తర్వాత నెలలోపు కోర్టులో వేయాలి, ఈ తేదీలు మర్చిపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్లని చూసి ఇద్దరు ముగ్గుర్ని మావారి దగ్గరికి పంపాను. అందులో ఒకాయన కేసు తెగకుండా సాగుతోందని ఇప్పుడు నాతో మాట్లాడటం మానేశారు. అప్పటి నుంచి నంబరు ఇస్తాను, పూచీ ఇవ్వను. మీరు కూడా మీ కాలనీ అంతా తిరిగి ఆయన పాకెట్లు అమ్మి పెట్టకండి, వద్దంటే మొహమాటం, కొంటే మళ్లీ మొహమాటం.

చివరగా, మీరు పని చూసుకోవాలా అని అడిగారు. బయట పని దొరికి, మీకు చేయాలని ఉంటే తప్పకుండా చేయండి. ఆ మొదటి ఏళ్లలో మా ఇంట్లో నెల తేదీకి పడ్డ జీతం నాదొక్కటే, చిన్నదే అయినా దాని మీదే పాలూ కరెంటూ నడిచాయి. కానీ నేను ఎక్కువ చూసింది ఏంటంటే, భర్త యూనిట్ పెడతాడు, భార్య ఇంటి పని అయ్యాక మధ్యాహ్నం వెళ్లి ప్యాకింగులో కూర్చుంటుంది, సాయంత్రం ఆర్డర్ల ఫోన్లు ఎత్తుతుంది, రాత్రి బిల్లులు రాస్తుంది, లెక్కలో ఆమె పని ఎక్కడా ఉండదు. అలా అయితే ఆ యూనిట్ లాభంలో ఉందో నష్టంలో ఉందో ఆయనకీ తెలియదు, ఎందుకంటే ఒక మనిషి కూలి లెక్కకి రావట్లేదు. కాబట్టి మీరు అందులో చేయి పెట్టేట్టయితే, ముచ్చికలు తీసేవాళ్లకీ ప్యాకింగు ఆడవాళ్లకీ కూలి రాసే పుస్తకంలోనే మీ పేరు కూడా మొదటి రోజు నుంచీ రాయించండి, డబ్బు ఆ నెల ఇవ్వలేకపోతే బాకీ కింద రాయమనండి.